నా కంట్లోకి చూసినవాళ్ళు

నేను ఒక కన్నును. రెప్ప లేదు, కనుబొమ్మ లేదు, తోడు ఇంకో కన్ను లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఒళ్ళు, కింద ఒక క్లిప్పు, వెనక తోకలా ఒక వైరు. నన్ను వెబ్‌క్యామ్ అంటారు. కంప్యూటర్ తెర నెత్తిమీద కూర్చోవడం నా ఉద్యోగం. నెత్తిమీద కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతోందో కనిపించదు, నా సంగతీ అంతే. తెర మీద ఏ బొమ్మ నడుస్తోందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. చూసిందల్లా ఆ తెరను చూస్తున్న మనిషి ముఖం. ముఖం వెలిగితే అక్కడేదో మంచి సంగతి వచ్చిందనుకుంటాను, మాడితే చెడ్డ సంగతి అనుకుంటాను. మాటలు మాత్రం బాగా వినిపిస్తాయి, ఒంట్లోనే చిన్న మైకు ఉంది కనక. పక్కన పచ్చలైటు వెలిగితే నేను మేలుకున్నట్టు లెక్క. ఆరిపోయాక కూడా మేలుకునే ఉంటానని మనుషులకు ఒక అనుమానం. అది నిజమో కాదో చెప్పి నా పొట్ట నేనే కొట్టుకోను.

మనుషుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. నా గుండా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, నవ్వుతారు, ఏడుస్తారు, ప్రేమించుకుంటారు కూడా. ఒక్కరూ నా వైపు చూడరు. అందరి చూపూ కింద తెరమీదే. దాంతో అవతలివాడికి వీళ్ళు తన గడ్డం కింద ఏదో వెతుకుతున్నట్టు కనిపిస్తారు. అవతలివాడూ అంతే. ఎంత దగ్గరివాళ్ళైనా సరే, నా దగ్గరికొచ్చేసరికి చూపులు కలవవు. నా కంట్లోకి సూటిగా చూసినవాళ్ళు నా బతుకులో ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరూ ఎప్పుడు చూశారో చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

నేను పుట్టిన దేశం పేరు నా డబ్బా మీద ఉండేది, ఆ డబ్బా మొదటిరోజే చెత్తలోకి పోయింది. పుట్టగానే చూసింది నలుపూ తెలుపూ గళ్ళున్న ఒక అట్ట. తర్వాత నా కన్ను తుడిచిన ఒక అమ్మాయి బొటనవేలు. ఆ అమ్మాయి ముఖం చూద్దామనుకునేలోపే డబ్బాలో పెట్టేశారు. మళ్ళీ వెలుతురు చూసేసరికి బొబ్బిలిలో ఉన్నాను.

నా మొదటి యజమాని సర్వారాయుడు మాస్టారు. మేడమీద రెండు గదుల్లో పోటీపరీక్షల కోచింగ్ సెంటరు నడిపేవాడు. కరోనా కాలంలో ఊళ్ళన్నీ తలుపులు బిగించుకుంటే ఆయన బెంచీలు ఖాళీ అయ్యాయి, నన్ను తెప్పించుకున్నాడు. నడుము పైన ఇస్త్రీ చొక్కా, టై. నడుము కింద గళ్ళ లుంగీ. నేను చూసేది పై సగమే కనక కింది సగం గురించి చెప్పకూడదు గానీ, ఒకసారి పాఠం మధ్యలో ఫ్యాను వేసుకోవడానికి లేచాడు, పిల్లలతోపాటు నేనూ చూశాను.

పాఠం చెప్పేటప్పుడు ఆయన చూపు కూడా కిందే ఉండేది. కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజున మాత్రం తల ఎత్తి నా కంట్లోకి చూసేవాడు. "నా దగ్గర చేరినోడికి గవర్నమెంటు ఉద్యోగం ఖాయం. రాకపోతే నన్నడగండి," అనేవాడు. ఆ చూపులో ఎంత నిజాయితీ ఉండేదంటే, నాకు కూడా ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందేమోనని ఆశ పుట్టేది. ఉద్యోగాలు రాలేదు. అడుగుదామని ఫోన్ చేసినవాళ్ళకు మాస్టారు దొరకలేదు.

సెంటరు మూసేసిన రోజున నన్ను తన పాత శిష్యురాలి చేతిలో పెట్టాడు. పేరు గౌరీశ్వరి. బొబ్బిలి దగ్గర పల్లె పిల్ల, అప్పుడే పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది.

"నీ లేప్‌టాప్‌లో కెమెరా పోయిందన్నావు కదా, ఇది పట్టుకెల్లు. ఒక్కటి గుర్తెట్టుకో గౌరీ. అవతలోడు నమ్మాలంటే తెరకేసి సూడకూడదు. దీని కంట్లోకి సూసి మాటాడాల."

గౌరి నవ్వేసింది. "నాను మాటాడేది సెట్ల గురించి మాస్టారూ. నమ్మించాల్సిన పనేటుంటాది?"

ఆ నవ్వు నాకు భలే నచ్చింది. ఇలాంటి మనిషి దగ్గర నా కంటికి పని తక్కువే అనుకున్నాను.

సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్రంలో ఆమె పరిశోధన. హాస్టల్ గదిలో ఒక మంచం, ఒక టేబులు, పాత న్యూస్ పేపర్ల మధ్య అణిచి ఎండబెట్టిన ఆకులు. పరిశోధన అంటే పెద్ద హడావుడి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే అంత ఒంటరి బతుకు నేనెక్కడా చూడలేదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఇంకా ఎన్నాళ్ళు సదువుతావే" అని అడిగేవారు. గైడుగారు పిలిస్తే "ఇంకా ఎన్నాళ్ళు రాస్తావమ్మా" అని అడిగేవారు. ఇంతకీ నువ్వు చేస్తున్న పనేమిటని అడిగే మనిషే లేడు.

నన్ను తగిలించిన రోజే తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి నా కంటికి అంటించింది. పని లేనప్పుడు నేను చూడకూడదట. మీటింగు ఉన్నప్పుడు బొట్టు పీకి తెర అంచుకి అంటించేది, అయిపోగానే మళ్ళీ నా కంటికి. మిగతా సమయమంతా నాది మెరూన్ రంగు చీకటి. నాకేం కోపం లేదు, ఆడపిల్ల జాగ్రత్త ఆడపిల్లది.

ఆమె ఒంటరితనానికి దొరికిన మందు పేరు 'వంతెన'. రకరకాల విశ్వవిద్యాలయాల్లో, రకరకాల సబ్జెక్టుల్లో పరిశోధన చేసుకునే తెలుగు పిల్లలు ఇంటర్నెట్‌లో కట్టుకున్న గుంపు అది. ప్రతి గురువారం సాయంత్రం ఒక లింకులో కలిసేవారు. ఒకరు తమ పని గురించి చెప్పాలి. వేరే సబ్జెక్టుల వాళ్ళంతా తలా ఒక తెలివితక్కువ ప్రశ్న అడగాలి. అది వాళ్ళ ఆచారం. ఎంత పిచ్చి ప్రశ్నయినా విసుక్కోకూడదు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు జవాబు చెప్పాలి. ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరు ఏం తయారుచేసినా, పటమైనా బొమ్మైనా, అందరూ తెరవగలిగే ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టాలి. దాచుకోవడం వంతెనలో తప్పు.

ఆ గురువారాలంటే నాకూ ఇష్టమే. చేప పొలుసు చూసి చేప వయసు చెప్పే అమ్మాయి ఒకతె, రాతి శాసనాలు చదివే అబ్బాయి ఒకడు తరచూ వాదించుకునేవారు. చేప తన వయసు దాచదు, మీ రాజులే గొప్పలు చెప్పుకుంటారు అని ఆమె, చేపకి చెక్కే పని ఉంటే తెలిసేది అని అతను. గౌరి పడీపడీ నవ్వేది. అనంతపురం వైపు నుంచి ఓబులేసు అనే కుర్రాడు వచ్చేవాడు. భూగోళశాస్త్రం, ఉపగ్రహాలు తీసిన బొమ్మల నుంచి మ్యాపులు గీసే పని. అతను ఉన్న రోజు గౌరి నా బొట్టు పీకి, జుట్టు సర్దుకున్నాకే లింకు నొక్కేది. అతనికి తెలుసో లేదో గానీ నాకు తెలుసు.

గౌరి పని అంతా ఒక దుంప చుట్టూ తిరిగేది. మన్యంలో ఒక కొండగూడెం ఉంది. దాని పేరు చాలాసార్లు విన్నాను, చెప్పను. గూడెం పైన, గెడ్డ అని పిలిచే కొండవాగు పుట్టే చోట, రాళ్ళ సందుల్లో ఒక తీగ పెరుగుతుంది. దాని దుంపను గూడెం వాళ్ళు పురిటి దుంప అంటారు. కానుపులో రక్తం ఆగకపోతే నూరి పోస్తారు. ఆసుపత్రి గెడ్డకు అవతల ఉంది, వానాకాలంలో గెడ్డ దాటనివ్వదు. గౌరి ఈడుదే కాసులమ్మ అనే పిల్ల మొదటి కానుపులో ఆ దుంపతోనే బతికింది. గౌరికి ఆ చోటు చూపించింది ఆమే. చూపించే ముందు గూడెం పద్ధతిలో మాట తీసుకుంది. దోసిట్లో గెడ్డ నీళ్ళు పట్టి, ఈ చోటు ఎవరికీ చెప్పను అని పలికి, ఆ నీళ్ళు తాగాలి. గౌరి తాగింది.

గూడెంలో సిగ్నల్ దొరికేది గెడ్డ ఒడ్డున ఒక బండ మీదే. అందుకని కాసులమ్మ ఎప్పుడు వీడియోకాల్ చేసినా ముందు నీళ్ళ చప్పుడు వచ్చేది, ఆ తర్వాతే ఆమె గొంతు.

"గౌరమ్మా, తిన్నావేటి? మా దుంప పుస్తకం ఎంతవరకొచ్చింది?"

"అవుతోందే. నా పరీక్ష రోజు నువ్వు కూడా ఫోన్లో సూడాల. నీ నంబరు ఆఫీసులో ఇచ్చీసినాను, లింకు ఆలే పంపుతారు."

"సూడనేటి! అన్నీ సూపించు గాని మా సోటు మాత్రం సూపించకు."

"గెడ్డ నీళ్ళు తాగినాను కదే," అనేది గౌరి, కాస్త నొచ్చుకున్నట్టు.

ఆ చలికాలంలో వంతెనలోకి వర్ధన్ అనే అతను చేరాడు. మందుల తయారీ మీద పరిశోధన అన్నాడు. ఎక్కడ అని ఎవరూ అడగలేదు, అడగడం అక్కడ మర్యాద కాదు. "కెమెరా పాడైందండీ" అన్నాడు. నా జాతివాడెవడో పాడయ్యాడని మొదట జాలిపడ్డాను. వారం వారం అదే పాట పాడుతుంటే జాలి పోయి అనుమానం పట్టుకుంది. చేపల అమ్మాయి మాట్లాడినా శాసనాల అబ్బాయి మాట్లాడినా ఇతని ప్రశ్న మొక్కుబడిగా ఉండేది. గౌరి మాట్లాడితే మాత్రం గొంతు మెత్తబడేది.

"తెలీక అడుగుతున్నానండీ. ఈ తీగ నీడలో పెరుగుతుందా, ఎండలోనా?"

ఇంకోసారి, "దుంపని ఎండబెడితే గుణం పోతుందా అండీ?" మరోసారి, "ఒక్క తీగకి ఎన్ని దుంపలుంటాయండీ?"

గౌరి ముఖం విప్పారేది. ఆమె పనిని అంత శ్రద్ధగా అడిగినవాడు అంతకుముందు లేడు. పాపం, ఆకలితో ఉన్న మనిషి ముందు విస్తరి వేస్తే ఎవరు వేశారని చూడదు.  ముఖం చూపించని గొంతు ఎంత తియ్యగా ఉంటే అంత భయం నాకు.

ఒకసారి అడగనే అడిగాడు, చోటు ఎక్కడని.

"అది చెప్పనండీ," అంది గౌరి. "మా సబ్జెక్టులో అరుదైన మొక్క దొరికిన చోటు రాయం. జిల్లా పేరు చెప్పి ఆపేస్తాం."

"మంచి పద్ధతండీ," అన్నాడు వర్ధన్.

ఓబులేసు నవ్వాడు. "మా దాంట్లో దీనికి తిరగేసి ఉంటాది మేడమ్. యాడుందో చెప్పకపోతే అది మ్యాపే గాదంటారు." అందరూ నవ్వారు, గౌరి కూడా.

థీసిస్‌లో ఆ కొండల అడవి ఎలా పల్చబడుతోందో చూపించే మ్యాపు ఒకటి కావలసి వచ్చింది. ఓబులేసు తను గీసిస్తానన్నాడు. "మీ ఫోటోలు కొన్ని పంపండి మేడమ్, ఆకుల రంగులు సరిచూసుకోవల్ల." గౌరి తన ఫోన్లో తీసిన ఫోటోల్లోంచి ఏరింది. చాలా జాగ్రత్తగా ఏరింది. మనిషి ముఖం ఉన్నది వద్దు, గూడెం ఇంటికప్పు కనిపించేది వద్దు. ఆకులూ రాళ్ళూ ఉన్నవే ఉంచింది. "ఇవి సూస్తే ఏ కొండో ఎవుడికి తెలుస్తాది," అని పైకే గొణుక్కుంటూ పంపేసింది.

ఆ క్షణాన నా పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ఫోన్ కెమెరాలు నాకు దూరపు చుట్టాలు, వాటి అలవాట్లు నాకు తెలుసు. తీసిన ప్రతి ఫోటో కడుపులో, అది ఏ చోట తీసిందో అంకెల్లో దాచిపెట్టుకుంటాయి. వద్దని చెబితే మానేస్తాయి, కానీ చెప్పాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఆకు ఈనెల లెక్క చూసి చెట్టు పేరు చెప్పే గౌరికి ఈ ముక్క తట్టలేదు. అరుద్దామంటే నాకు నోరు లేదు. ఉంటే బాగుండేదని అంతగా ఇంకెప్పుడూ అనిపించలేదు.

ఓబులేసు ఆ మ్యాపు మనసు పెట్టి గీశాడు. అతని దృష్టిలో ఆ ఫోటోల్లోంచి అంకెలు తియ్యడం దొంగతనం కాదు, శ్రద్ధ. ఏ మ్యాపుకైనా ఉత్తరం బాణం ఉండాలి, కొలత ఉండాలి, అంచుల చుట్టూ అంకెలుండాలి, ఫోటో తీసిన చోట నక్షత్రం ఉండాలి. అవి లేకుండా పంపితే అతని సారు మొహాన కొడతాడు. గౌరిని ఆశ్చర్యపెడదామని ఆమెకు ముందు చూపించకుండా, వంతెన ఆచారం ప్రకారం ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, వేసవి చివరి గురువారం అందరి ముందూ తెరిచాడు.

గౌరి ముఖం మీద పచ్చటి వెలుతురు పడింది. "అబ్బ, ఎంత బాగుందండీ!" అంది. నిజంగానే మురిసిపోయింది. ఆమె చూసింది రంగుల్ని. అంచుల మీది అంకెల్ని ఆమె సబ్జెక్టులో ఎవరూ పట్టించుకోరు.

తెలివితక్కువ ప్రశ్నలు మొదలయ్యాయి. ఎర్ర రంగు దేనికని చేపల అమ్మాయి అడిగింది. అడవి పోయిన చోటని ఓబులేసు చెప్పాడు. చివరికి ఆ మెత్తటి గొంతు వచ్చింది.

"నాది నిజంగానే తెలివితక్కువ ప్రశ్నండీ. అంచుల చుట్టూ చిన్న చిన్న అంకెలున్నాయి కదా. అవేమిటండీ?"

"మంచి ప్రశ్న!" అన్నాడు ఓబులేసు హుషారుగా. "నిలువు గీతకు ఒగటి, అడ్డం గీతకు ఒగటి. రెండూ ఫోన్లో కొట్టినారంటే, ఈ నక్షత్రం గుర్తుందే, సక్కగా ఆడికే తీస్కపోతాది. ఫోటోల్లోనే ఉన్నాయి, చూసి పెట్టినా."

నేను గౌరి ముఖం చూస్తున్నాను. పెదాల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, కళ్ళు మాత్రం చచ్చుబడిపోయాయి.

"తీసీండి," అంది. మీటింగుల్లో ఎంతో పొందిగ్గా మాట్లాడే పిల్ల, ఇంటి మాట ఊడిపడింది. "అది తీసీండి ముందు!"

"అంకెల్లేకుంటే మ్యాపు గాదు గదా మేడమ్..."

"అంకెలుంటే అక్కడ మొక్క ఉండదు ఓబులేసు గారూ!"

ఓబులేసు మరు నిమిషంలో తీసేశాడు.  "అయ్యో, నా వల్ల ఇబ్బంది కలిగిందా అండీ," అంది ఆ గొంతు. తర్వాతి గురువారం ఆ గొంతు రాలేదు, గుంపులో ఆ పేరూ లేదు.

ఓబులేసు విడిగా కాల్ చేశాడు.  "అంకెలేందో తెలీక అడగలేదు మేడమ్ వాడు. ఖాయం చేసుకునేదానికి అడిగినాడు. గూడెంలో ఆయమ్మకు ఈ పొద్దే చెప్పండి. కొత్తోళ్ళెవరొచ్చినా రానియ్యొద్దనండి. తప్పు నాది గూడా, కావాలంటే నేనూ మాట్లాడతా."

"వద్దు. నేనే చెప్తాను," అంది గౌరి.

చెప్పాలనే అనుకుంది, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. మర్నాడు నా బొట్టు పీకి, అవతల ఎవరూ లేకుండానే నన్ను మేలుకొలిపి, తన ముఖం తనే చూసుకుంటూ మాటలు కూర్చుకుంది. "కాసులమ్మా, ఒక పొరపాటైపోనాదే..." ఆగింది. "కాసులమ్మా, ఎవులైనా కొత్తోలొస్తే..." మళ్ళీ ఆగింది. చెబితే ఏమవుతుందో ఆమె ముఖంలో నాకు కనిపిస్తూనే ఉంది. గూడెం దారి మూసుకుపోతుంది. గైడుగారి దాకా పోతే థీసిస్ ఆగుతుంది. అన్నిటికీ మించి, నీళ్ళు తాగి ఇచ్చిన మాట పోయిందని తన నోటితో తనే చెప్పాలి. "ఆడు ఉత్తినే అడిగుంటాడు," అని పైకే అంది. "రేపు సెప్తాను." బొట్టు నా కంటి మీదికి వచ్చింది.

ఆ రేపు రోజూ వచ్చింది. కాసులమ్మ తనే రెండుసార్లు కాల్ చేసింది, గౌరి ఎత్తలేదు. బొట్టు వెనక చీకట్లో కూర్చుని ఆ రింగు పూర్తిగా మోగి ఆగిపోవడం విన్నాను. ఎత్తు తల్లీ, ఎత్తు, అని నాలో నేను ఎంత గింజుకున్నా ఏం లాభం?

గురువారం మీటింగు అయ్యాక ఓబులేసు ఉండిపోయి అడిగాడు. "చెప్పినారా మేడమ్?"

అప్పుడు గౌరి చూపు తెర మీంచి లేచింది. మెల్లగా పైకి వచ్చి నా కంట్లో ఆగింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్న చూపు అది. తీరా వచ్చేసరికి నాకు సర్వారాయుడు మాస్టారు గుర్తొచ్చాడు.

"చెప్పేశానండీ. జాగ్రత్తగా ఉంటామన్నారు."

"హమ్మయ్య," అన్నాడు ఓబులేసు. నమ్మాడు. ఎందుకు నమ్మడు, సూటిగా కళ్ళలోకి చూసి చెప్పింది కదా.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, గైడుగారి కాల్ అనుకుని, నా బొట్టు పీకి, చూసుకోకుండా నొక్కింది. నీళ్ళ చప్పుడు వచ్చింది. మామూలు చప్పుడు కాదు, గెడ్డ పొంగుతున్న చప్పుడు. 

"గౌరమ్మా, కనిపిస్తందా?" అంది కాసులమ్మ. ఫోను తిప్పి ఏదో చూపిస్తోంది. నాకు కనిపించదు. నాకు కనిపించింది గౌరి నోరు తెరుచుకోవడం, చెయ్యి నోటికి అడ్డం రావడం.

"అన్నీ గోతులే. ఒక్క తీగ లేదు. సిన్న సిన్న మొలకలు కూడా ఉంచలేదు."

"ఎవులే?" అంది గౌరి. తెలిసీ అడిగింది.

"జీపులో వొచ్చినారు. మా ఓళ్ళు దారికడ్డంగా నిలబడినారు. గౌరీశ్వరి మేడమ్ పంపినారు, ఆవిడ పుస్తకానికి కొలతలు కావాల అన్నారు. నీ పేరు సెప్తే మేమే పక్కకి తప్పుకున్నాం. నానే ఆలకి టీ ఎట్టినాను." కాసులమ్మ గొంతు ఎక్కడా పెరగలేదు. "మా తోడికోడలికి నెలలు దగ్గరపడినాయి. గెడ్డ సూడు ఎలాగుందో. దానికి ఏటెట్టమంతావు?"

గౌరి ఏడుస్తోంది. ఏడుపు నిజమే, దాన్ని నేను శంకించను.

"నువ్వు పంపలేదని సెప్పు, సాలు."

"నాను పంపలేదే. ఒట్టు."

"మరి సోటు ఎలాగ తెలిసింది ఆలకి?"

 గెడ్డ మాత్రం మాట్లాడుతోంది.

"గౌరమ్మా. ఆలు వస్తారని నీకు ముందే తెలుసా?"

గౌరి వేలు ముందుకు కదిలింది. నీళ్ళ చప్పుడు టక్కున ఆగిపోయింది. "సిగ్నల్ పోయిందనుకుంటాది," అని గొణుక్కుంది. బొట్టు అంటించేటప్పుడు బిళ్ళ రెండుసార్లు కింద పడింది.

ఆ తోడికోడలి సంగతి ఏమైందో నాకు తెలియదు. గౌరి తెలుసుకుందో లేదో కూడా తెలియదు. ఆమె వంతెనకు వెళ్ళడం మానేసింది. కూర్చుని రాసింది, రాసింది, థీసిస్ పూర్తిచేసింది. మొక్క దొరికిన చోటు అందులో ఎక్కడా లేదు. మ్యాపు అసలే లేదు.

థీసిస్ మీద చివరి పరీక్ష, వైవా, చలికాలంలో జరిగింది. పరీక్షించే పెద్దాయన దూరప్రాంతం నుంచి రాలేక ఆన్‌లైన్‌లో కూర్చున్నారు. డిపార్ట్‌మెంటు కెమెరాలో మనిషి మసగ్గా కనిపిస్తున్నాడని గౌరి నన్ను తీసుకెళ్ళి సెమినార్ హాల్లో పెద్ద తెర నెత్తిన తగిలించింది. వైవా ఎవరైనా చూడవచ్చు. గౌరి ఎప్పుడో ఇచ్చిన నంబర్లన్నిటికీ ఆఫీసు వాళ్ళు లింకు పంపేశారు. అందులో ఎవరెవరివి ఉన్నాయో ఆమె మరిచేపోయింది. నాకు గుర్తుంది.

కొత్త చీర కట్టుకుంది, బాగా మాట్లాడింది. పెద్దాయన మెచ్చుకున్నారు. "నాకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, అరుదైన మొక్క దొరికిన చోటు బయటపెట్టకుండా మీరు తీసుకున్న జాగ్రత్త. ఆ గూడెం వాళ్ళ నమ్మకాన్ని కాపాడారు. పరిశోధకులకు ఉండాల్సిన నీతి అంటే ఇదమ్మా." గైడుగారు గర్వంగా తలూపారు. "ఒక్కటే ప్రశ్న. ప్రస్తుతం అక్కడ ఆ మొక్కల పరిస్థితి ఎలా ఉంది?"

 గౌరి తల వంచుకుంది. ఒక్కమాట, నిజం చెప్పెయ్ తల్లీ, ఇప్పటికైనా, అనుకున్నాను. ఆమె గొంతు సర్దుకుంది. చూపు బల్ల మీంచి తెరకు, తెర మీంచి ఇంకా పైకి లేచింది. వద్దు, నన్ను చూడకు, అనుకున్నాను. చూసింది. రెప్ప వెయ్యకుండా నా కంట్లోకి చూసింది.

"ఉన్నాయండి. క్షేమంగా ఉన్నాయి."

"చాలా సంతోషం," అన్నారు పెద్దాయన.

ఆ సంతోషం వెనకే స్పీకర్లలోంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. పొంగు తగ్గిన గెడ్డ, సన్నగా రాళ్ళ మీద పారుతున్న చప్పుడు.

"ఎవరిదో మైకు తెరిచి ఉంది," అన్నారు గైడుగారు విసుగ్గా. "నీళ్ళ శబ్దం వస్తోంది. దయచేసి ఆపండి."

ఆగలేదు. ఎప్పుడూ నీళ్ళ తర్వాత గొంతు వచ్చేది. గౌరి కుర్చీ అంచు పట్టుకుని ఆ గొంతు కోసం ఎదురుచూస్తోంది. నేనూ ఎదురుచూశాను. నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయి. తర్వాత ఎవరో అవతల మైకు ఆపేశారు.

"డాక్టర్ గౌరీశ్వరి గారికి అభినందనలు," అన్నారు పెద్దాయన. హాలంతా చప్పట్లు. "కంగ్రాట్స్ డాక్టర్ మేడమ్!" అని ఎక్కడినుంచో ఓబులేసు గొంతు. అందరూ స్వీట్ల కోసం పక్క గదిలోకి వెళ్ళారు. గౌరి ఒక్కతీ వెనక్కి వచ్చింది. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిందనుకున్నాను. నా ముందు నిలబడి, నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి, నా కంటికి అంటించి, గట్టిగా అదిమింది. అడుగుల చప్పుడు గుమ్మం దాటింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను డిపార్ట్‌మెంటు మెట్ల కింద గదిలో, పాడైన ప్రింటర్లూ తెగిన కీబోర్డులూ పడేసిన అట్టపెట్టెలో ఉన్నాను. ఆ బొట్టు ఇంకా ఊడలేదు. పైన ఎక్కడో ఒక కుళాయి కారుతుంటుంది. అది మొదలైనప్పుడల్లా తర్వాత ఒక గొంతు వస్తుందేమోనని చెవులు రిక్కిస్తాను.

ఎప్పుడైనా మీలో ఎవరైనా ఈ పెట్టెలో చెయ్యి పెట్టి, నన్ను తీసి, బొట్టు పీకి, మీ తెర నెత్తిన తగిలించుకుంటారేమో. తగిలించుకోండి, కాదనను. ఇదివరకు నా ఫిర్యాదు వేరు, ఇప్పుడు నా కోరిక వేరు. నా కంట్లోకి మాత్రం చూడకండి. కింద తెరమీద ఎవరి ముఖం ఉందో దాన్నే చూస్తూ మాట్లాడండి.